వీపు వంతు

పెద్దీగలకు చలి ఎక్కువ. మలేషియాలో చలేమిటని నవ్వేవాళ్ళున్నారు. నవంబరులో మధ్యాహ్నం మూడింటికి పట్టుకున్న వాన ఆరింటికి కూడా తెరిపివ్వకపోతే, చెక్కపెట్టెలో కూర్చున్న ప్రాణికి అది చలే. మామూలు తేనెటీగలు వేలకు వేలుంటాయి కనుక ఒకదాన్నొకటి వెచ్చగా కాచుకుంటాయి. పెద్దీగ పిచ్చుకంత ఉంటుంది. పెట్టెకి నలభై మించవు. అంత ఒళ్ళున్నా వాటి వేడి వాటికి చాలదు. అందుకని వానలు పడే నెలల్లో ఇంట్లోవాళ్ళు వంతులవారీగా పెట్టెకి వీపు పెట్టాలి.

వీపు పెట్టడం పెద్ద విద్యేం కాదు. పెట్టెకి ఒకవైపు పలకను మా పెద్దవాళ్ళు కావాలనే పల్చగా చిత్రిక పట్టించారు. చిన్న పీట వేసుకుని ఆ పలకకి వీపు ఆనించి ఒక గంట కూర్చోవాలి. లోపల ఈగలన్నీ వచ్చి పలకకి అవతలివైపు అంటుకుంటాయి. తెలిసిన వీపైతే సన్నగా ఒక మూలుగు మొదలెడతాయి. అది చెవికంటే ముందు వెన్నెముకకి తెలుస్తుంది. తెలియని వీపైతే కాళ్ళతో పలకమీద టిక్కు టిక్కుమని కొడతాయి, దగ్గరికి రావు. మా ఇంటికి కొత్త కోడలు వచ్చినప్పుడల్లా ఆ టిక్కు టిక్కు వినిపించేది. ఇంకా కొత్తేలే అని మా అమ్మ నవ్వేది. మా ఆవిడకి నెలన్నర పట్టింది. ఒక్కరోజు మానకుండా కూర్చుంది. చివరికి ఒక సాయంత్రం వంటింట్లోకి పరిగెత్తుకొచ్చి, అవి మూలిగాయని మా అమ్మతో చెప్పిందట. నాతో చెప్పలేదు. నేను ఇంట్లో లేను.

నేను ఎప్పుడూ ఇంట్లో లేను. పోర్ట్ క్లాంగ్‌లో ఒక గోదాములో ముప్పై రెండేళ్ళు ఫోర్క్‌లిఫ్ట్ నడిపాను. చిన్నప్పుడు బటాంగ్ బెర్జుంటై రబ్బరు ఎస్టేటులో కూలీల లైన్లలో ఉన్నన్నాళ్ళూ నా వంతు నేను చేశాను. చేయకపోతే మా అమ్మ చెవి మెలిపెట్టేది. రబ్బరు చెట్లు కొట్టేసి ఆయిల్ పామ్ వేశాక మేం టౌనుకి వచ్చేశాం. సామానంతా లారీ వెనక వేసి, మా అమ్మ పెట్టెను ఒళ్ళో పెట్టుకుని ముందు కూర్చుంది. అంతవరకు బాగానే ఉంది. ఉద్యోగంలో చేరాక మాత్రం నా వంతు వచ్చిన రోజునే ఓవర్‌టైమ్ వచ్చేది. రాకపోతే నేనే వెళ్ళి అడిగి తెచ్చుకునేవాణ్ణి. పగలంతా బండిమీద కూర్చుని, ఇంటికొచ్చి మళ్ళీ పీటమీద కూర్చోవడం నావల్ల కాదనేవాణ్ణి. మా ఆవిడ ఫ్యాక్టరీ నుంచి వచ్చి, తన వంతు అయ్యాక ఇంకో గంట కూర్చునేది. అది నా గంట. ఒక్కసారి కూడా ఎత్తిపొడవలేదు. ఎత్తిపొడిచి ఉంటే బాగుండేదని ఇప్పుడనిపిస్తుంది.

మావాళ్ళలో ఒక కట్టుబాటుంది. ఒంటి మనిషి ఇంట్లో పెట్టె ఉండకూడదు. ఇంట్లో ఒక్కరే మిగిలితే, ఏడాది తిరిగేలోగా పెట్టెను నలుగురున్న ఇంటికి ఇచ్చేయాలి. తీసుకునే ఇంటివాళ్ళు ముందుగా వచ్చి ఒక్కొక్కరే వీపు చూపించాలి. పెళ్ళిచూపుల్లాంటిదే, కాకపోతే ఇక్కడ నచ్చాల్సింది ఈగలకి. ఎవరి వీపుకీ అవి దూరంగా ఎదటి మూలకి పోకపోతే చాలు, ఒప్పుకున్నట్టే.

మా ఆవిడ పోయి మూడేళ్ళయింది. మొదటి ఏడాది తిరిగింది. నేను పెట్టె ఇవ్వలేదు. గుడి దగ్గర ఎవరైనా పెద్దవాళ్ళు కనిపించి అడిగితే, మా అమ్మాయివాళ్ళు వచ్చి పోతుంటారుగా అనేవాణ్ణి. అది అబద్ధం కాదు. దీపావళికి వస్తారు, మర్నాడు పోతారు. పెట్టె ఇచ్చేస్తే ఇంట్లో ఇంకేముంటుంది? టీవీ ఉంటుంది. ఆ మాట ఎవరితోనూ అనలేదు గాని నా లెక్క అదే.

ఆ మొదటి వానాకాలం పీట వేసుకుని కూర్చుంటే ఏం జరిగిందో చెప్పాలి. టిక్కు టిక్కుమన్నాయి. పుట్టినప్పటినుంచీ నా ఇంట్లో ఉన్న పెట్టె! నాకు ఒళ్ళు మండిపోయింది. లోపలికి వెళ్ళి బీరువా తీస్తే మా ఆవిడ స్వెట్టర్ కనిపించింది. ఫ్యాక్టరీలో ఏసీకి తట్టుకోలేక కొనుక్కున్న గోధుమరంగు స్వెట్టర్. అదే వేసుకుని పెట్టె దగ్గర కూర్చునేది. నా చేతులు అందులో పట్టవు. వీపుమీద పరుచుకుని, రెండు చేతులూ మెడ దగ్గర ముడివేసుకుని కూర్చున్నాను. కొబ్బరినూనె, పౌడరు, కొంచెం పోపు వాసన. ఈగలు పలక దగ్గరికి వచ్చాయి. మూలుగు మొదలెట్టాయి. చూశావా, నన్ను గుర్తుపట్టాయి అనుకున్నాను. మనిషి తనకి కావలసింది ఎంత సులువుగా నమ్ముతాడో!

అలా మూడేళ్ళు గడిపాం, నేనూ అవీ. ఈ దేశంలో కాలాలు లేవంటారు గాని పెట్టె ఉన్నవాడికి ఉన్నాయి. ఫిబ్రవరిలో ఎండలు ముదిరాక పెద్దీగలు పెట్టె మీద వరసగా నిలబడి ఉత్తరానికి తిరుగుతాయి. రబ్బరు చెట్లు ఆకు రాల్చి కొత్తగా చిగిర్చి పూసే రోజులవి. ఎస్టేటు రోజులనుంచీ వాటికి అదే పండగ. ఒక ఉదయం అన్నీ కలిసి బటాంగ్ బెర్జుంటై వైపు ఎగిరిపోతాయి. అక్కడ రబ్బరెక్కడిది? సాయంత్రానికి ఖాళీ కడుపులతో, రెక్కలు ఈడ్చుకుంటూ తిరిగొస్తాయి. ఇప్పటి ఈగల్లో ఒక్కటీ రబ్బరుపువ్వు చూసి ఎరగదు. అయినా ఏడాదేడాదీ వెళ్ళొస్తాయి. ఆ రోజు బెల్లంనీళ్ళు ఎక్కువ చిక్కగా కలిపి పెట్టడం మా అమ్మ అలవాటు, తర్వాత మా ఆవిడ అలవాటు. నేనూ కలిపాను. తీపి ఎక్కువైందో తక్కువైందో చెప్పేవాళ్ళు లేక నేనే రుచి చూసుకున్నాను.

జూన్, జూలైల్లో దురియాన్ పళ్ళ కాలం. అంగళ్ళ దగ్గర పగిలిన తొనలమీద వాలి, ఆ ముక్కు బద్దలయ్యే వాసన ఒంటికి పూసుకుని ఇంటికొస్తాయి. మా ఆవిడ దురియాన్‌ని గుమ్మం దాటనిచ్చేది కాదు, ఈగలు మాత్రం దర్జాగా తెచ్చేవి. తిట్టడానికి ఆమె లేదు కదా అని ఒకసారి నేనొక పండు కొనుక్కొచ్చి వంటింట్లోనే కోసుకుని తిన్నాను. సగం తిని మిగతాది చెత్తబుట్టలో వేశాను. ఆ తర్వాత పొగమంచు నెలలు. అది మంచు కాదు, ఎక్కడో అడవులు కాలిన పొగ. ఆకాశం బూడిదరంగుకి తిరుగుతుంది, ఈగలు బయటికి పోవు. తడిగుడ్డతో వాటి రెక్కలు ఒక్కొక్కటే తుడవాలి. నలభై ఈగలు, నూట అరవై రెక్కలు. మధ్యాహ్నం ఒంటిగంటకి మొదలెడితే నాలుగైంది. ఫోను మోగలేదు, తలుపు ఎవరూ తట్టలేదు. నాలుగింటికి చేతులు కడుక్కుని, ఇప్పుడేం చెయ్యాలా అని పెరట్లో నిలబడ్డాను.

పోయిన దీపావళికి మా అమ్మాయి, అల్లుడు, ఇద్దరు పిల్లలు, మా వియ్యపురాలు అందరూ ముందురోజే వచ్చారు. వాళ్ళుండేది రాజధానిలో, బ్రిక్‌ఫీల్డ్స్ పేటలో. వియ్యపురాలి పెద్దవాళ్ళు తెలుగువాళ్ళే గాని ఇంట్లో మాటంతా అరవంలోనే. మా అమ్మాయి వచ్చీ రాగానే కొంగు బిగించింది. నేను ఏడాదిపాటు పేర్చిన మురికంతా ఒక్కపూటలో దులిపి, కడిగి, వాషింగ్ మిషన్ నాలుగుసార్లు తిప్పింది. నేను బజారుకి అరటాకుల కోసం వెళ్ళాను. తిరిగొచ్చేసరికి దండెంమీద గోధుమరంగు స్వెట్టర్ ఆరుతోంది. దగ్గరికెళ్ళి ముఖం ఆనించాను. గులాబీల వాసన, సబ్బుపొడి ప్యాకెట్ మీద బొమ్మ ఉంటుంది చూడండి, ఆ గులాబీలు.

నాకు నోరెక్కడ ఆగుతుంది.

"ఏటి సేసినావే? నిన్నెవులు ముట్టుకోమన్నారు? నీ పెత్తనం నీ ఇంటికాడ సేసుకో."

అల్లుడి ముందు, వాళ్ళమ్మ ముందు, పిల్లల ముందు అన్నాను. మా అమ్మాయి చేతిలో తడిబట్ట అలాగే ఉండిపోయింది. అది ఎందుకు ఉతకకూడదో నేను చెప్పి ఉంటే కదా దానికి తెలిసేది. అప్పుడైనా చెప్పలేదు. రాత్రి వంటకి నానబెట్టిన పప్పు అలాగే ఉంది, వాళ్ళు సామాను సర్దుకుని వెళ్ళిపోయారు. దీపావళి రోజు నేను ఆ పప్పుతో గారెలు చేసుకోవాలని చూసి, చేతకాక పారబోశాను.

వానలు పండగ అయిన రెండోరోజే పట్టుకున్నాయి. స్వెట్టర్ కప్పుకుని కూర్చుంటే టిక్కు టిక్కుమన్నాయి. స్వెట్టర్ తీసేసి కూర్చున్నా అంతే. దానికి కొబ్బరినూనె రాశాను. ఆవిడ వాడే పౌడరే కొనుక్కొచ్చి చల్లాను. పొయ్యి దగ్గర వేలాడదీసి పోపు పెట్టాను. ఆఖరికి రబ్బరు సంచీలో వేడినీళ్ళు పోసి పలకకి కట్టాను. ఈగలు అవతలి మూలకి పోయి ముద్దగా కూర్చున్నాయి. మర్నాడు పెట్టె కింద రెండు పడి ఉన్నాయి. ఆ మర్నాడు మూడు. కరివేపాకు చెట్టు మొదట్లో గొయ్యి తీసి పూడ్చాను. దీపావళికి ముప్పై ఎనిమిది ఉన్నవి, పది రోజుల్లో ఇరవై ఒకటయ్యాయి.

అప్పుడు తలకెక్కింది. ఈ మూడేళ్ళూ అవి నా వీపుకి మూలగలేదు. ఆమె వచ్చిందనుకుని మూలిగాయి. పెద్దీగ మూడు నాలుగేళ్ళు బతుకుతుంది. నా వీపు ఎరిగిన ఈగలు నేను ఉద్యోగంలో చేరిన కొత్తలోనే పోయి ఉంటాయి. ఆ తర్వాత పుట్టినవాటికి నేనెవరో తెలిసే అవకాశం నేనివ్వలేదు. కొత్తగా అలవాటు చేద్దామంటే నెలన్నర పడుతుంది. ఈ చలిలో అవి వారం కూడా ఉండవు. పీటమీద కూర్చుని ఏడ్చాను. చూసేవాళ్ళు లేరు కనుక గట్టిగానే ఏడ్చాను.

మా అమ్మాయికి ఫోను చేసి మొత్తం చెప్పేశాను. కట్టుబాటు సంగతి, నా బుకాయింపులు, స్వెట్టర్, చచ్చిపోయిన ఈగలు, అన్నీ. అది ఫోను పెట్టేసింది. మధ్యాహ్నానికి కొమ్యూటర్ రైలు దిగి, వానలో తడుస్తూ ఒక్కతే వచ్చింది. తల తుడుచుకుని తిన్నగా పెరట్లోకి వెళ్ళి పీటమీద కూర్చుంది. చిన్నప్పుడు రోజూ అక్కడే కూర్చుని బడి లెక్కలు చేసుకునేది. తల్లి వీపు తెలిస్తే కూతురి వీపు తెలిసినట్టే అని మా అమ్మ అనేది, నేను నమ్మలేదు. కాసేపు లోపల చప్పుడే లేదు. తర్వాత ఇరవై ఒక్క ఈగా పలక దగ్గరికి వచ్చాయి. గడపలో నిలబడ్డ నాకు కూడా ఆ మూలుగు వినిపించింది.

మా అమ్మాయి కళ్ళు మూసుకునే అడిగింది.

"నాకు సెప్పుంటే వచ్చీదాన్ని కదా నాన్నా. ఎందుకు సెప్పలేదు?"

"సెప్తే పెట్టె పట్టుకుపోతావని."

"పట్టుకుపోకపోతే అన్నీ సచ్చిపోతాయి."



అది నాలుగు రోజులు ఉండిపోయింది. ఆదివారం ఇంటిల్లిపాదీ వచ్చి వీపులు చూపించారు. అల్లుడు కూర్చున్నాడు, పిల్లలు కూర్చున్నారు, అందరికీ టిక్కు టిక్కుమన్నాయి గాని దూరంగా పోలేదు. మా వియ్యపురాలు పెద్దీగను అంత దగ్గర్నుంచి చూడటం అదే మొదలు. భయంతో దేవుణ్ణి తలుచుకుంటూ కూర్చుంది. పలక టిక్కుమన్నప్పుడల్లా చిన్నపిల్లలా నవ్వింది. ఆవిడా భర్తను పోగొట్టుకున్న మనిషే. నవ్వుతూ కూర్చున్న ఆవిడను చూస్తే నాకు కుళ్ళుగా అనిపించింది. ఐదుగురున్న ఇల్లు. ఇంక అడ్డం చెప్పడానికేం లేదు.

సాయంత్రం వ్యాన్‌లో మా అమ్మాయి పెట్టెను ఒళ్ళో పెట్టుకుని ముందు కూర్చుంది, ఒకప్పుడు మా అమ్మ కూర్చున్నట్టే. నన్నూ ఎక్కమన్నారు. ఇల్లు తాళం వెయ్యలేదన్నాను. వేసి రమ్మన్నారు. తాళంచెవి కనిపించడం లేదన్నాను. అది నా జేబులోనే ఉంది.

పెట్టె ఉన్నచోట నాపరాతిమీద నాలుగు పలకల తెల్లటి గుర్తు మిగిలింది. కడిగితే పోయేది, కడగలేదు. వాన పట్టుకోగానే కాళ్ళు వాటంతటవే పెరటివైపు నడిచేవి. గడప దాకా వెళ్ళి తిరిగొచ్చేవాణ్ణి. ఇంట్లో ఇంత నిశ్శబ్దం ఉందని నాకు తెలియదు. ఈగల చప్పుడు వినిపించేదని కూడా తెలియదు, అది ఆగాకే తెలిసింది. పెట్టె ఇవ్వడం సరైన పనేనని తెలుసు. తెలిసి ఉండటం వల్ల సాయంత్రాలు పొట్టివి కాలేదు.

వాళ్ళింట్లో ఫ్రిజ్‌కి వంతుల కాగితం అంటించారని, ఆదివారం పొద్దున తనది, సాయంత్రం నాదని మా అమ్మాయి ఫోనులో చెప్పింది. నా పాత బుద్ధి ఎక్కడికి పోతుంది. మొదటి ఆదివారం మోకాలు నొప్పి అన్నాను. రెండోసారి వాన, మూడోసారి రైళ్ళు సరిగా నడవడం లేదట. అవి ఇంకొకరి ఇంట్లో, ఇంకొకరి వీపుకి మూలుగుతుంటే చూడాలా అని కచ్చ. ఆరో ఆదివారం ఏం చెప్పాలా అని ఆలోచిస్తూ ఫోను చేస్తే వియ్యపురాలు ఎత్తింది. మా అమ్మాయి పెట్టె దగ్గర ఉందని అరవంలో చెప్పింది. పొద్దున తన వంతు అయిపోయింది కదా అని అడిగాను. ఆదివారాలు తనది ఒక గంట, నాన్నది ఒక గంట కూర్చుంటుంది కదా అంది, ఇందులో వింతేముందన్నట్టు.

ఫోను పెట్టేసి చొక్కా వేసుకున్నాను. గుండీలు తప్పుగా పెట్టుకున్నానని రైలెక్కాక చూసుకున్నాను.

స్టేషన్ నుంచి వాళ్ళింటికి నడిచే దారిలో పూలకొట్ల దగ్గర జనం గుమిగూడి ఉన్నారు. పెద్దీగ ఒకటి మల్లెదండలో తల దూర్చి తాగుతోంది. మాదే. దండలు కట్టే ఆవిడ దాన్ని పక్కకి జరిపి తన పని తను చేసుకుంటోంది. నేను చెయ్యి చాపాను. అది నా వేలు దాటి పక్కదండమీదికి ఎగిరింది.

బాల్కనీలో మా వియ్యపురాలు వీపు పెట్టుకుని కూర్చుని ఉంది. పెట్టె మూలుగుతోంది. ఆవిడ లేచి, పీట తన కొంగుతో తుడిచి నాకిచ్చింది. కూర్చుని వీపు ఆనించాను. మూలుగు ఆగిపోయింది.  తర్వాత టిక్కు టిక్కు.

ఆవిడకి నా ముఖం చూసి అర్థమైనట్టుంది. తన తడబడే తెలుగులో, ఇక్కడివాళ్ళంతా మాట చివర తగిలించే 'లా'తో సహా, చెప్పింది.

"నాకూ అంతే సేసినాయి అణ్ణే. రోజూ కూకుంటే తెలిసిపోతాది లా."

అరవై నాలుగేళ్ళవాణ్ణి, మా అమ్మ ఒళ్ళో ఊరు దాటిన పెట్టెకి కొత్తవాణ్ణి. సిగ్గుగా ఉంది. లేచి వెళ్ళిపోదామనిపించింది. అప్పుడే పట్టుకున్న వానలో రైలు వెళుతున్న చప్పుడు వినిపించింది, నేను ఎక్కాల్సిన రైలే. మా ఆవిడ ఈ టిక్కు టిక్కు నెలన్నరపాటు రోజూ విన్నది. ఒక్కరోజైనా నేను పక్కన లేను. ఎలా కూర్చుందో, ఏమనుకుందో ఎప్పుడూ అడగలేదు. వారానికొక్కసారి కూర్చునేవాడికి అన్ని గంటలు పూర్తయ్యేసరికి మళ్ళీ దీపావళి వస్తుంది.

మా అమ్మాయి టీ తీసుకుని వచ్చింది. గ్లాసు అందుకుని, వంతుల కాగితం తెమ్మన్నాను. ఎందుకని అడిగింది.

"నాకింకో వంతు ఇవ్వే."

అది నా వంక చూసింది. ముప్పై ఏళ్ళలో ఆ మాట నా నోట దానికి కొత్త. లోపలికి వెళ్ళి కాగితం తెచ్చింది. మంగళవారం దగ్గర తన పేరు కొట్టేసి నాన్న అని రాసింది. బుధవారం దగ్గర కూడా కొట్టేయమన్నాను.